సీలు లేని నీళ్ళు

మా ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో చెప్పను. పి.గన్నవరానికీ అంబాజీపేటకీ మధ్య ఎక్కడో అనుకోండి, సరిపోతుంది. చెబితే మీకేం పోదు. నేను మాత్రం ఇప్పటికీ ఆ ఊరి సంతలోనే కూరగాయలు కొనుక్కోవాలి.

నిరుడు ఏప్రిల్లో, కాలువలు కట్టేసిన వారానికి, యామిని మేడమ్ మా మండలానికి ఆఫీసరుగా వచ్చారు. ఏటా రెండో పంట దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని గోదావరి కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళున్నన్నాళ్ళూ కాలువ మహా మర్యాదస్తురాలు, ఏం వేసినా కడుపులో దాచుకుంటుంది. ఆగాక బయటపడుతుంది దాని సంగతి. మా ఆఫీసు వెనకాలే పంట కాలువ. తూము దగ్గర అర లీటరు సీసాలు నడుమెత్తున గుట్టపడి ఉన్నాయి. చేరిన మూడో రోజున మేడమ్ ఆ గట్టు మీద నిలబడి వాటినే చూస్తున్నారు.

"ఇవన్నీ మనవేనా?" అని అడిగారు.

"ఆయ్, మనవేనండి. మీటింగులవండి."

"ఎవరు పడేశారు?"

ఇంకెవరైనా అయితే ఎవరో అనేవారు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు, అదే నా ఖర్మ. "నేనేనండి" అన్నాను. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో అటెండరుని. మీటింగు మొదలయ్యేముందు ప్రతి కుర్చీ ముందూ ఒక సీసా పెట్టేదీ నేనే, అయ్యాక ఖాళీలూ సగం తాగినవీ గోనెసంచిలో వేసుకెళ్ళి గుమ్మరించేదీ నేనే.

మేడమ్ కోప్పడలేదు. నవ్వారు. విశాఖపట్నం పిల్ల, ముప్ఫై కూడా ఉండవు. "సత్యవాణి గారూ, నిజం చెప్పే మనిషి ఒకరు చాలు నాకు. మీ ఇంట్లో నీళ్ళెలా తాగుతారు?"

"కుండలో పోసుకుంటామండి. వట్టివేళ్ళు వేస్తామండి, చల్లగా కమ్మగా ఉంటాయని."

సోమవారానికల్లా ఆర్డరు వచ్చింది. ఆఫీసులో సీసా కనబడకూడదు. కుళాయికి ఫిల్టరు పెట్టించారు. నీళ్ళు పరీక్షకు పంపి, ఆ కాగితం గోడకి అంటించారు. నాలుగు పెద్ద కుండలు తెప్పించి, వాటి బాధ్యత నాది అన్నారు.

ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కొత్త కుండకి మట్టి వాసన పోయేదాకా రెండు రోజులు నీళ్ళు పోసి పారబోశాను. వరండాలో ఇసక పోసి, తడిపి, దాని మీద కుండలు కూర్చోబెట్టాను. వట్టివేళ్ళు గుప్పెడు తీసుకుని, కడిగి, పల్చటి గుడ్డలో మూటకట్టి ఒక్కో కుండలో వేశాను. మా అమ్మాయి ప్రశాంతి ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. దాని దస్తూరీ ముత్యాలే. 'మన కుండ, మన నీళ్ళు, మన కాలువ' అని అట్ట మీద రాసిచ్చింది. మొదటి గ్లాసు మేడమ్‌కే ఇచ్చాను. అందరి ముందూ గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగారు.

"ఏసీ ఎందుకండీ ఇంక?" అన్నారు. ఆ మాటకి నాకు కడుపు నిండిపోయింది.

మా సీనియర్ అసిస్టెంటు సూర్యారావు గారు. పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆయనకి గ్లాసు తీసుకెళ్ళాను.

"అబ్బే, వద్దమ్మా. ఇప్పుడే బొండం తాగొచ్చేను" అన్నారు.

మర్నాడు, "గొంతు పట్టేసిందమ్మా. డాక్టరు గారు వేణ్ణీళ్ళే తాగమన్నారు." ఆ మర్నాడు, "ఉపవాసం కదమ్మా, శనారం." ఉపవాసానికి నీళ్ళు పనికిరావా అని అడగబోయి, గ్లాసు వెనక్కి పట్టుకెళ్ళాను. ఆయనొక్కరే అయితే సరే. సర్పంచి గారు ఎండన పడి స్కూటరు మీద వచ్చారు, చొక్కా వీపుకి అంటుకుపోయింది, పెదాలు ఎండిపోయాయి. గ్లాసు చూడగానే చేతులు జోడించి, "ఆయ్, ఉండనివ్వండి, మీకెందుకు శ్రమ" అన్నారు. మా కోనసీమలో కాదనేటప్పుడు కూడా దండం పెట్టే కాదంటారు. సాయంత్రం చూస్తే కుండలు మెడదాకా అలాగే ఉండేవి.

అసలు తాగేవాళ్ళు మా పేట వాళ్ళు. పింఛనుకనో కాగితానికనో వచ్చి, రెండేసి గ్లాసులు తాగి, నోరారా బాగున్నాయనేవారు. అది చూశాక మిగిలినవాళ్ళు మరీ దగ్గరికి రాలేదు.

ఇంటికొచ్చి మా అత్తతో అన్నాను. ఆవిడ పేరు పాపాయమ్మ. డెబ్బై దాటినా నోట్లో పళ్ళు, మాటలో పదును రెండూ పోలేదు. ఎండుకొబ్బరాకు చీరి ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే వింది.

"పదకొండేళ్ళలో నీ చేతి మంచినీళ్ళు ఒక్కడైనా తాగేడా?" అంది.

"ఎందుకు తాగలేదు? నేనే కదా రోజూ ఇచ్చేది."

"సీసా ఇచ్చేవు. సీలు తీసుకునేది ఆళ్ళు, తాగేది ఆళ్ళు. నీ చెయ్యి సీసాకి బయటే ఉండిపోయింది. ఇప్పుడు మూత తీసేసేరు."

"ఆ రోజులు పోయాయి అత్తా. ఇప్పుడెవరు చూస్తున్నారు అలాంటివి?"

"చూడరే పిచ్చిదానా. ఆళ్ళకి దాహం ఎయ్యదంతే."

ఈనెలు తీస్తూనే, తన చిన్నప్పుడు రేవులో బిందె కింద పెట్టి, ఎవరైనా వచ్చి పైనుంచి పోస్తారా అని మధ్యాహ్నందాకా నిలబడిన సంగతి చెప్పింది. ఎన్నోసార్లు విన్నదే. ముసలిదాని చాదస్తం అనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం కంచం ముందు కూర్చుని ఒక్కొక్కటే లెక్కేసుకున్నాను. అవును, టీ హోటలు నుంచి ఫ్లాస్కులో వచ్చేది. నీళ్ళు సీసాలో వచ్చేవి. పదకొండేళ్ళూ నేను మూతలున్నవే మోశాను. నాకు తట్టలేదు, అంతే.

అప్పుడే పంతం పట్టాను. జీతం కాదు, మెప్పు కాదు, నా చేతి నీళ్ళు ఈ ఆఫీసులో వాళ్ళచేత తాగించాలి. ఒక్కడు తాగినా చాలు. తోమిన గ్లాసే మళ్ళీ తోమేదాన్ని. గోళ్ళు కత్తిరించుకుని, ఉతికిన చీర కట్టుకుని, నెత్తికి నూనె రాసి దువ్వుకుని వెళ్ళేదాన్ని. పిచ్చి మొహాన్ని. మురికి చూసి మానేశారనుకున్నాను కాబోలు.

మే నెలాఖరు వారంలో సూర్యారావు గారి బల్ల కింద సంచిలో సీసాలు దొరికాయి. మేడమ్ ఆయన్ని గదిలోకి పిలిచారు. కేకలేస్తారనుకున్నాం. తలుపు వేసి అరగంట మాట్లాడుకున్నారు. ఆయన ఏం చెప్పారో నేను వినలేదు. మెల్లిగా, మర్యాదగానే చెప్పి ఉంటారు. సాయంత్రం మేడమ్ నన్ను పిలిచి కూర్చోమన్నారు. అటెండరుని కూర్చోమన్నారంటేనే అనుమానించాల్సింది.

"సత్యవాణి గారూ, ఒక చిన్న మార్పు. నాకు ఇలాంటివి నచ్చవని మీకు తెలుసు."

"ఎలాంటివండి?"

ఆవిడ బల్ల మీద కాగితాలు సర్దారు. "ముందు ప్లాస్టిక్ ఆగాలి కదా. జనానికి అలవాటయ్యేదాకా అనుకోండి. పొద్దున్న మీరే నింపండి, మీ అంత శుభ్రంగా ఎవరూ చెయ్యరు. జనం వచ్చే టైముకి మీరు రికార్డు రూములోకి వెళ్ళిపోండి. గ్లాసులు డ్రైవరు బుజ్జిబాబు ఇస్తాడు. మీరు నింపుతున్నట్టు మాత్రం..." అని ఆగిపోయారు.

"చెప్పద్దంటారు."

"కొన్నాళ్ళే."

"ఆయ్" అన్నాను. కోనసీమలో పుట్టాక నోట్లోంచి అదే వస్తుంది, లోపల ఏమున్నా.

మరి చూడండి చిత్రం. రెండో రోజు మధ్యాహ్నానికే రెండు కుండలు ఖాళీ. రోళ్ళు పగిలే రోహిణి కార్తె, బుజ్జిబాబుకి ఊపిరి ఆడలేదు. రికార్డు రూము కిటికీలోంచి అన్నీ కనబడేవి. సూర్యారావు గారు గ్లాసెత్తి కళ్ళు మూసుకుని తాగారు.

"అమృతంలా ఉన్నాయిరా బుజ్జీ. ఏం వేస్తున్నావు ఇందులో?"

"వట్టివేళ్ళండి" అన్నాడు వాడు, కిటికీ వైపు చూడకుండా.

చెప్పొద్దూ, నాకు మొదట సంతోషమే వేసింది. తాగండి నాయనా తాగండి, కడుపారా తాగండి, పట్టింది ఎవరో మీకేం తెలుసు అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు నాలుగు రోజులుంది. తర్వాత చూస్తే నేను ఇంకా చీకటుండగానే లేచి, ఎవరూ చూడకముందే కుండలు నింపి, ఎవరైనా వస్తున్నారేమోనని రోడ్డు వైపు చూసుకుంటున్నాను. చెయ్యని తప్పుకి భయం పట్టుకుంది.

ప్రశాంతి కనిపెట్టింది. "అంత పొద్దున్నే ఎందుకెళ్తున్నావమ్మా?" అని నిలదీస్తే చెప్పాను. దాని మొహం ఎర్రబడింది.

"చాటుగా ఇస్తున్నావా మంచినీళ్ళు? విషం పెట్టేవాళ్ళు చేస్తారమ్మా ఆ పని."

"కొన్నాళ్ళే అన్నారే మేడమ్ గారు."

"నేను రాసిన అట్ట తెచ్చెయ్" అంది. తేలేదు నేను. అప్పటినుంచి అది నాతో సరిగా మాట్లాడడం మానేసింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. సీసాలు నిజంగానే ఆగాయి. తూము దగ్గర గుట్టంతా ఎత్తించి బండి మీద పంపించారు. జూన్‌లో కాలువలు వదిలిన రోజున నేనూ గట్టు మీదికి వెళ్ళాను. ఎర్రటి కొత్త నీళ్ళు తూములోంచి అడ్డంకి లేకుండా దూకాయి. ఎన్నేళ్ళయిందో అలా చూసి. యామిని మేడమ్ ఫోనులో ఫొటోలు తీస్తూ చిన్నపిల్లలా గంతులేశారు. ఆవిడ చెడ్డమనిషి అని నేనెప్పుడూ అనను. చెడ్డవాళ్ళయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వారంలోనే మండలం మీటింగు. సీసాలు మాన్పించిన ఆఫీసు అని పేపర్లో పడింది కదా, అమలాపురం నుంచి పెద్ద అధికారి చూడ్డానికి వచ్చారు. హాలు నిండా మెంబర్లు, ప్రతి ఒక్కరి ముందూ స్టీలు గ్లాసు. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్దాయన మాట్లాడి, మేడమ్‌ని మెచ్చుకుని, మరి ఈ నీళ్ళు చూసుకునే మనిషెవరు అన్నారు. బుజ్జిబాబుని ముందుకు పిలిచి శాలువా కప్పారు. వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి.

పెద్దాయనకి నీళ్ళ రుచి నచ్చినట్టుంది, వదలలేదు. "వట్టివేళ్ళు ఎన్ని వేస్తావోయ్? ఎన్నాళ్ళకి మారుస్తావు? మా ఇంట్లో వేస్తే చేదెక్కిపోయాయి."

బుజ్జిబాబు శాలువా అంచు సవరించుకున్నాడు. "అది... అదండీ... సత్యవాణక్క..." అని నాలిక కరుచుకున్నాడు.

"ఎవరు సత్యవాణి?"

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. మేడమ్ నా వైపే చూస్తున్నారు. వద్దు అని ఆ కళ్ళు ఎంత గట్టిగా చెప్పాయో నాకు తెలుసు. తెలియలేదని అబద్ధం చెప్పను. ఒక్క మాటతో దాటెయ్యొచ్చు, వాడికి నేర్పానండి అంటే చాలు. కానీ వాడి భుజం మీద ఆ శాలువా చూస్తే నా ఒళ్ళు మండింది.

"నేనేనండి" అన్నాను. "మొదటి రోజు నుంచీ ఈ కుండలు నేనే పడుతున్నానండి. కుండకి గుప్పెడు చాలండి. మూడు రోజులకోసారి తీసి ఎండబెట్టాలండి, లేకపోతే చేదెక్కుతాయండి."

"ఓహో, అదా కిటుకు! వెరీ గుడ్ అమ్మా" అన్నారాయన. గ్లాసులో మిగిలినవి తాగేసి, ఇంకో ఊళ్ళో పనుందని లేచి వెళ్ళిపోయారు. ఆయనకేం తెలుసు.

కారు గేటు దాటింది. మా సీమవాళ్ళు పైకి ఏమీ అనరు. సూర్యారావు గారి గ్లాసు అప్పటికి పెదాల దాకా వచ్చింది. మెల్లిగా దించి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, రెండు వేళ్ళతో కాస్త అవతలికి జరిపారు. ఒక మెంబరు గారు ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళారు. గోడ పక్కన ఆయన పుక్కిలించి ఉమ్మిన చప్పుడు లోపలికి వినబడింది. మీటింగు మాత్రం నడిచింది. రోడ్ల గురించి, కొబ్బరి రేటు గురించి మాట్లాడుకున్నారు. అందరూ లేచి వెళ్ళాక గ్లాసులు తీయడానికి వెళ్ళాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మేడమ్ తన గదిలో తల పట్టుకుని కూర్చున్నారు.

"ఒక్క పది నిమిషాలు ఊరుకుంటే ఏం పోయేది? రెండు నెలల కష్టం. రేపు మళ్ళీ సీసాలు వస్తాయి, ఇంక నేను ఆపలేను. ఇదంతా నీవల్లే."

"నిజం చెప్పే మనిషి చాలన్నారు కదండీ."

"ఏ నిజం ఎప్పుడు చెప్పాలో తెలియాలి సత్యవాణీ."

గారు పోయిందని నేను గమనించాను. ఆవిడ గమనించలేదు. గొంతు బొంగురుపోయి, దగ్గొచ్చింది. పొద్దున్నుంచీ మైకులో మాట్లాడిన మనిషి కదా. నా చేతిలో ఇంకా ఓ శుభ్రమైన గ్లాసు ఉంది.

"కాసిని మంచినీళ్ళు ఇవ్వనాండి?" అన్నాను.

ఆవిడ గ్లాసు వైపు చూసి, నా వైపు చూసి, "వద్దు. ఇప్పుడే తాగాను" అన్నారు.

నేను బయటికొచ్చి నాలుగు కుండలూ ఒంపేశాను. ఇసకలో నీళ్ళు ఇంకిపోయాయి. మొదటి రోజున రెండు గ్లాసులు తాగిన మనిషి. మా ఊరు వచ్చి రెండున్నర నెలలయింది, మా మాట నేర్చేసుకుంది.

ఆవిడ చెప్పినట్టే సీసాలు వచ్చాయి. పెద్దల ఆరోగ్యం దృష్ట్యా అన్నారు. కుండల్లో మట్టి నింపి క్రోటన్లు నాటారు. నాది పర్మినెంటు ఉద్యోగం కాదు. జూలైలో ఔట్‌సోర్సింగ్ లిస్టు కొత్తది వచ్చింది, అందులో నా పేరు లేదు. ఎవరిని అడిగినా, "అయ్యో పాపం, అలా ఎలా జరిగిందమ్మా" అన్నవాళ్ళే. సూర్యారావు గారు నా చేత అర్జీ కూడా రాయించారు. మంచి భాషలో, తప్పుల్లేకుండా.

మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు. పంపే డబ్బు ప్రశాంతి చదువుకి చాలదు. ఆగస్టులో అంబాజీపేట రోడ్డులో కొత్తగా పెట్టిన నీళ్ళ ప్లాంటులో పనికి చేరాను. నెత్తికి గుడ్డ టోపీ, చేతికి తొడుగులు. నీళ్ళు పట్టిన సీసా వరసలో వస్తుంది. మూత పెట్టి బిగించి, సీలు సరిగా పడిందో లేదో చూసి డబ్బాలో సర్దాలి. రోజుకి ఎన్ని సీసాలో అడక్కండి. తొడుగులు మధ్యాహ్నానికే చిరిగిపోతాయి. తర్వాత అంతా ఉత్త చేతులే.

మా పేట కాలువకి దిగువన ఉంది. మళ్ళీ సీసాలు కొట్టుకొస్తున్నాయి. మా అత్త రేవులో కూర్చుని వెదురు గడతో వాటిని ఒడ్డుకి లాగుతుంది. మొన్న ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "మీ ప్లాంటుదేనే" అంది. చూస్తే సీలు కాస్త వంకరగా పడింది. నా చేతిదే. ప్రశాంతి అది చూసి లోపలికి వెళ్ళింది. అదేమన్నా అంటే బాగుండేది.

కిందటి వారం ప్లాంటు ముందు ఆటో ఆగింది. సూర్యారావు గారు దిగారు. ఆఫీసులో మీటింగట, రేటు మా ప్లాంటులో తక్కువని స్వయంగా వచ్చారు. నన్ను చూసి, టోపీ ఉన్నా ఇట్టే గుర్తుపట్టారు.

"ఏమ్మా సత్యవాణీ, ఇక్కడున్నావా? అమ్మాయి బాగా చదూతోందా? మంచి పని దొరికింది, సంతోషం."

"ఆయ్, మీ దయండి."

నిజంగా సంతోషించారు, అబద్ధం లేదు. ఎండన పడి వచ్చిన మనిషి, చెమటలు కారుతున్నాయి. బల్ల పక్కన నిలబడి నేను మూతలు బిగిస్తుంటే చూశారు. ఒకటి, రెండు, మూడు. తొడుగు చిరిగి నా వేళ్ళు బయటే ఉన్నాయి. నా ముందున్న వరసలోంచి ఒక సీసా తీసుకుని, సీలు టక్కున తిప్పి, తల వెనక్కి వాల్చి గటగటా తాగారు. గొంతులో గుటక దిగడం కనబడింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా" అన్నారు.

నేనేనండి అనకుండా ఇంకో మూత బిగించాను. ఒకసారి అని చూశాను కదా.

డబ్బాలు ఆటోలోకి ఎక్కించారు. ఆయన ఎక్కబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి, "దారిలోకి ఇంకోటియ్యమ్మా" అంటూ చెయ్యి చాపారు. అప్పుడే మూత బిగించిన సీసా తీసి ఇచ్చాను. నా చేతిలోంచే తీసుకున్నారు.